ముసలి గుర్రానికి కీళ్ల నొప్పి: నా అనుభవం

పాతికేళ్లు దాటిన మా ఆడ గుర్రం ఈ వారం మళ్లీ హాయిగా నేల మీద పడుకొని, ఎవరి సాయమూ లేకుండా లేచింది. ఆ ఊరట మనసులో ఉండగానే ఇది రాస్తున్నాను.

మందు దొరకడం గాని, దాణాలో కలిపి తినిపించడం గాని కష్టం కాలేదు. దానికి నొప్పి ఉందని ఒప్పించడమే కష్టమైంది. మొదట వచ్చిన పశువైద్యుడు శాల గుమ్మం దగ్గరే నిలబడి, కాలును ముట్టుకోకుండానే, “ముసలిదయ్యాక ఇంతేనండీ, మీరు ఊరికే కంగారు పడుతున్నారు” అని పదిమంది ముందు నవ్వి వెళ్లిపోయారు. వెనుక గిట్టల ముందు అంచు నేలకు ఒరుసుకొని అరిగిపోయింది. మలుపు తిరిగేటప్పుడు అడుగు కుదించుకుంటోంది. లాడం కొట్టే మనిషి కాలెత్తగానే చెవులు వెనక్కి వాల్చి కాలు లాక్కుంటోంది. ఇవన్నీ చెబుతున్నా ఆయన చెవిన పెట్టలేదు. నోరులేని జీవి బాధను వయసు ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం వైద్యం కాదు.

తరువాత వచ్చిన వైద్యురాలు వెనుక కాలిని ఒక నిమిషం పాటు మడిచి పట్టుకొని, వదిలిన వెంటనే గట్టి నేల మీద పరుగెత్తించగా, మొదటి అడుగుల్లోనే కుంటు స్పష్టంగా బయటపడింది. ఎక్స్‌రేలో వెనుక కాలి మడమ కీళ్ల అరుగుదల కనిపించింది. నొప్పి తగ్గించే ఫినైల్‌బ్యూటజోన్ అనే మందును ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే జీర్ణాశయంలో, పెద్దపేగులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే ఆమె ముందుగా రక్తపరీక్ష చేయించి, పనిచేసే కనీస మోతాదునే నిర్ణయించారు. దానితో పాటు ఫైరోకాక్సిబ్ వంటి మరో నొప్పి మందు కలిపి ఇవ్వకూడదని గట్టిగా చెప్పారు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే ముందు, ముసలి గుర్రాల్లో తరచుగా కనిపించే పిట్యూటరీ గ్రంథి జబ్బు ఉందేమో చూపించుకోవాలి. ఆ జబ్బున్న గుర్రానికి స్టెరాయిడ్ వల్ల గిట్టలను పాడుచేసే లామినైటిస్ వచ్చే ప్రమాదం ఎక్కువ.

శాలలో కట్టి ఉంచితే కీళ్లు బిగుసుకుపోతాయి కనుక వీలైనంత సేపు బయట తిరగనివ్వాలి. ఒళ్లు పెరగకుండా చూసుకోవాలి. కీళ్లకు మంచివని అమ్మే పొడులకు పెట్టే డబ్బును ఎక్స్‌రేకు పెట్టండి. గిట్టలు చెక్కించే రోజున వైద్యుణ్ణి అడిగి మందు వేళను ఆ పనికి ముందుకు జరుపుకోండి. కాలిని పైకి లాగకుండా నేలకు దగ్గరగా పట్టుకొని, మధ్యమధ్య కింద పెట్టనివ్వమని లాడం కొట్టే మనిషికి ముందే చెప్పండి.