ఒక ఎడమ బూటు మిగిలింది

బండి పేరు చెప్పను. పొద్దున తెనాలిలో ఎక్కితే మధ్యాహ్నం దాటాక విశాఖలో దింపే బండ్లున్నాయిగా, వాటిల్లో ఒకటి. దివ్యాంగుల బోగీ గార్డు పెట్టె దగ్గర, చివర్లో ఉంటుందని అందరికీ తెలుసు. ఏ చివరో మాత్రం బండి వచ్చాక గానీ తేలదు. నేను ఇంజను వైపు నిలబడ్డాను కాబట్టి అది తోక వైపు వచ్చింది. ఎడమ మోకాలి మీద చెయ్యి ఒత్తిపట్టి, రెండో చేత్తో కర్ర, వీపున సంచీ. కూత వినపడేసరికి సగం దూరమే అయింది. దొరికిన స్లీపరు బోగీలోకి ఎక్కేసి, విజయవాడలో దిగి మిగతా సగం నడిచాను.

తీరా చూస్తే తలుపుకి లోపల్నించి గడియ. కర్రతో కొట్టాను.

"ఇది వికలాంగుల బోగీ! ముందుకెళ్లండి!" అని లోపల్నించి ఒక కుర్రాడి గొంతు. గట్టి గొంతు, మంచి ఆరోగ్యంగా ఉంది.

కిటికీలోంచి కర్ర లోపలికి పెట్టి ఊపాను. దానికి మించిన గుర్తింపు కార్డు నా దగ్గర లేదు. గడియ తీశారు.

లోపల బెర్తుల మీద ఇద్దరు కుర్రాళ్లు నిండా కాళ్లు చాపి ఫోన్లు చూస్తున్నారు. ఏలూరులో పోలీసులు ఎక్కారు. చూడాలి అప్పుడు! ఇద్దరూ లేచి కుంటటం మొదలుపెట్టారు. ఒకడు ఎడమ కాలితో మొదలెట్టి, తలుపు దగ్గరికి చేరేసరికి కుడి కాలికి మార్చాడు. ఉండబట్టలేక చెప్పాను: "బాబూ, కాలు మార్చకూడదు. నేను యాభై ఏళ్లుగా ఒకే కాలితో కుంటుతున్నాను." కానిస్టేబులు నవ్వాపుకుంటూ వాళ్లని దించేశాడు. ఆ రెండు బెర్తుల్లో ఒకటి నాకు దక్కింది.

ఎదురుగా నల్ల కళ్లద్దాలాయన ఉన్నాడు. ఒళ్లో పెద్ద సంచీ నిండా ఫోను కవర్లు, చార్జింగు తీగలు. రైళ్లలో అమ్ముతాడు.

"ఒక అడుగు టక్కుమంటోంది, ఒకటి ఈడుస్తోంది. ఓహెచ్చా గురువుగారూ? పోలియోనా?" అన్నాడు.

అవునన్నాను. మా వాళ్లలో పలకరింపులు ఇలాగే ఉంటాయి. బయటివాళ్లు "పుట్టుకతోనేనా?" అని జాలిగా మొదలుపెడతారు. మేము సర్టిఫికెట్టు భాషలో మాట్లాడుకుంటాం. ఓహెచ్చా (కాలూచేతుల లోపం), వీహెచ్చా (చూపు లోపం), లోపం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్షలో ఎంత వేశారు, దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు వచ్చిందా.

"ఎంత వేశారు మీకు?"

ఇదే నాకు కావలసిన ప్రశ్న. ఇరవై ఏళ్లుగా ఈ జోకు ఎప్పుడూ తప్పిపోలేదు. "61 శాతం. పదో తరగతిలో కూడా అంతే వచ్చింది. ఏ పరీక్ష రాసినా ఫస్టు క్లాసు అంచునే ఆగిపోతాను."

ఆయన తల పంకించి, "నాకు వందకి వంద గురువుగారూ. స్టేట్ ఫస్టు," అన్నాడు.

బోగీ అంతా నవ్వింది. నాకు కొంచెం మండింది కూడా. మా బంధువుల్లో, ఆఫీసులో, పెళ్లిళ్లలో, చావుల్లో సైతం నవ్వించే డ్యూటీ నాది. ఒక్క ముక్కతో ఇలా లాగేసుకున్నవాడు ఇంతవరకూ తగల్లేదు. ఊరుకుంటానా, ఇంకోటి వదిలాను. "మాది మూతపడ్డ కాలేజీ. 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకి వచ్చిందే సహజ పోలియో వైరసుతో ఆఖరి కేసు. ఆ తర్వాత దేశంలో ఆ దారిన కొత్త అడ్మిషన్లు లేవు. 2014లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు వచ్చి గేటుకి తాళం కూడా వేశారు. ఇంకో నలభై ఏళ్లు పోతే పాత విద్యార్థుల సంఘానికి మీటింగు పెట్టటానికి మనుషులుండరు."

దీనికి బాగానే నవ్వారు. ఆ ఊపులోనే తప్పు చేశాను.

కిటికీ పక్కన ముప్పై ఏళ్ల కుర్రాడు, పక్కన భార్య. అతని కాళ్ల మీద తువ్వాలు కప్పి ఉంది. కుడివైపు తువ్వాలు మోకాలి కింద జానెడు దూరంలో చప్పున పడిపోయింది. లారీ డ్రైవరట, మూడు నెలల కిందట యాక్సిడెంటు. విజయవాడలో డాక్టరుకి చూపించుకుని తుని వెళుతున్నారు. బెర్తు కింద నీలం రంగు హవాయి చెప్పులు రెండూ పక్కపక్కనే సర్ది ఉన్నాయి. ఎడమదానికి మడమ దగ్గర అరుగు. కుడిది కూడా అంతే అరిగి ఉంది.

"తమ్ముడూ, నా ఎడమ పాదం 5, కుడిది 8. ఎప్పుడు బూట్లు కొన్నా రెండు జతలు కొనాలి. 8లో ఎడమది ఎప్పుడూ మిగిలిపోతుంది. ఇకనించి మనిద్దరం వాటా వేసుకుని కొందామా?" అన్నాను.

అతను కిటికీ వైపు తిరిగాడు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. వంగి, ఆ కుడి చెప్పు తీసి, పేపర్లో చుట్టి, సంచీలో అడుక్కి పెట్టుకుంది.

కర్రతో నెత్తిన కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కళ్లద్దాలాయన కూడా నోరెత్తలేదు.

తాడేపల్లిగూడెం నించి కొవ్వూరు దాకా నేను నోరు విప్పలేదు. మా ఇంట్లోవాళ్లకి చెబితే నమ్మరు. నాకు జ్వరం వచ్చింది ఏడాదిన్నర వయసులో. నడక అంటే ఎలా ఉంటుందో తెలిసేలోపే పోయింది. మా నాయనమ్మ పావురం నెత్తురుతో మర్దన చేయించింది, ఎవరో చెబితే. ఒకటి కాదు, మూడు నెలలు. కాలికి ఏమీ రాలేదు గానీ ఇప్పటికీ పావురాలు నన్ను చూస్తే ఎగిరిపోతాయని చెప్పి నవ్విస్తుంటాను. చెప్పగలను, ఎందుకంటే పోయిందేమిటో నాకు తెలియదు. ఆ కుర్రాడికి తెలుసు. మూడు నెలల కిందట ఆ కాలితోనే బ్రేకు తొక్కాడు. నా యాభై ఏళ్ల జోకు తీసుకెళ్లి అతని మూడు నెలల ముఖాన కొట్టాను.

ఎక్కడికి వెళ్లినా "పాజిటివ్‌గా ఉండాలండీ" అని నాకు చెప్పేవాళ్లంటే ఒళ్లు మంట. ఆ రోజు నేను చేసింది దాదాపు అదే.

గోదావరి వచ్చింది. నాకంటే ముందు కళ్లద్దాలాయనకే తెలిసింది. చప్పుడు మారుతుందట, నేల మీది చప్పుడు వేరు, కింద ఏమీ లేని చప్పుడు వేరు. జేబులోంచి రూపాయి తీసి కుర్రాడి వైపు చెయ్యి చాపాడు.

"తమ్ముడూ, కిటికీ కమ్మీలు ఎక్కడున్నాయో నాకు తెలీదు. ఈ రూపాయి నువ్వెయ్యి. దణ్ణం నేను పెట్టుకుంటా."

అతను ఇటు తిరిగాడు. రూపాయి తీసుకుని, పక్కకి ఒరిగి, చెయ్యి బయటపెట్టి విసిరాడు. ఠంగుమంది. గడ్డరుకి తగిలింది.

"పడలేదండి," అన్నాడు కుర్రాడు. అదే అతని మొదటి మాట.

"విన్నాలే. గోదారికిద్దామంటే వంతెన నొక్కేసింది. ఇంకోటి వెయ్యి," అని ఇంకో రూపాయి తీశాడు. అది పడింది. మొత్తానికి మూడు రూపాయలు వేయించాడు. నేనయితే అతనికి జోకు చెప్పాను. ఈయన పని చెప్పాడు.

సామర్లకోట దాటాక ఆ అమ్మాయి నా వైపు జరిగి, గొంతు తగ్గించి అడిగింది. "బాబాయిగారూ, తప్పనుకోకండి. మీరు స్నానం ఎలా చేస్తారండి?"

ఇన్నేళ్లలో నన్ను ఇంత మంచి ప్రశ్న అడిగినవాళ్లు లేరు. కూర్చుని చెప్పాను. అడుగున రబ్బరు బిళ్లలున్న ప్లాస్టిక్ స్టూలు కొనాలి. గోడకి నడుమెత్తున ఇనప కడ్డీ వేయించాలి, మేస్త్రీ ఒక పూట పని. సబ్బు నేల మీద పెట్టకూడదు. తడి నేల మీద రాత్రిపూట లైటు లేకుండా పోకూడదు. నేను జైపూర్ కాళ్ల క్యాంపుల్లో ఫారాలు నింపే పని చాలాసార్లు చేశాను, అక్కడ విన్నవి కూడా చెప్పాను. తీసెయ్యగా మిగిలిన కాలి ముక్కకి క్రేప్ బ్యాండేజీ డాక్టరు చూపించినట్టు బిగించి కట్టకపోతే వాపు దిగదు, కొత్త కాలు సరిగ్గా కూర్చోదు.

"పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెడుతున్నామండి, ఆయనకి సుఖంగా ఉంటుందని."

"తీసెయ్యమ్మా. మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. తర్వాత కాలు పెట్టినా నడవలేడు."

జైపూర్ కాలు సంగతి చెబితే కుర్రాడు కూడా ఇటు తిరిగి విన్నాడు. 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, సేఠీ అనే డాక్టరు కలిసి తయారుచేసింది. అంతకుముందు వచ్చే కాళ్లు బూటు వేసుకునే దేశాల కోసం చేసినవి. ఇది రబ్బరు పాదం. ఉత్త కాళ్లతో గుళ్లోకి పోవచ్చు, బాసింపట్టు వేసి అన్నానికి కూర్చోవచ్చు, బురదలో దిగవచ్చు.

"లారీ నడపొచ్చాండి?" అన్నాడు.

తెలియదన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

కాసేపాగి అతనే అన్నాడు. "లేని కాలి బొటనవేలు దురద పెడుతుందండి, రాత్రుళ్లు. పిచ్చెక్కిందనుకుంటారని ఎవరికీ చెప్పలేదు." భార్య తెల్లబోయి చూసింది. ఆమెకీ చెప్పలేదు మరి.

పిచ్చి కాదు, చాలామందికి ఉండేదే. కాలు పోయినా మెదడులో దాని చిరునామా అలాగే ఉండిపోతుంది, ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. తమిళనాట పుట్టిన రామచంద్రన్ అనే డాక్టరు అమెరికాలో 1990ల్లో దీనికి అద్దం చికిత్స కనిపెట్టాడు. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, ఉన్న కాలి బొమ్మని లేని కాలి చోట కనపడేట్టు చేసి, ఉన్నదాన్ని గోకితే కొందరికి లేనిదాని దురద తగ్గుతుంది. డాక్టరుని అడుగు, ఇంట్లో అద్దం ఉంటే ఖర్చేమీ లేదు అన్నాను.

"అద్దం వైద్యం నాకు పడదు గురువుగారూ, ఇంకేదైనా చెప్పండి," అన్నాడు కళ్లద్దాలాయన.

ఈసారి కుర్రాడు నవ్వాడు. పగలబడి ఏం కాదు, ముక్కులోంచి. జోకు మళ్లీ ఆయనదే, గమనించండి.

తునిలో దిగేటప్పుడు ఆ అమ్మాయి నా ఫోను నంబరు తీసుకుంది. చంకకర్రలు అతనికి ఇంకా అలవాటు కాలేదు. మెట్టు మీద తడబడితే సాయం చెయ్యబోయి ఆగాను. చెయ్యి పట్టుకునే ముందు అడగాలని నేనే అందరికీ చెబుతుంటాను కదా. తనే దిగాడు.

విశాఖలో నాలుగు రోజులు. వచ్చింది మేనల్లుడి పెళ్లికి. పెళ్లి గురించి రాయటానికేముంది, భోజనాలు బాగున్నాయి, స్టేజీకి ఎనిమిది మెట్లు పెట్టి కడ్డీ పెట్టలేదు. స్టేషను నించి బీచి రోడ్డుకి ఆటో రెండొందల యాభై. కొబ్బరిబొండాం అరవై. తెనాలిలో ఆ డబ్బుకి ఆటో ఆయన మనల్ని ఇంట్లో దింపి, టీ తాగి, మన పిల్లల చదువులు కనుక్కుని వెళతాడు.

రాసి తీరాల్సింది కురుసుర గురించి. అదే, ఆర్కే బీచిలో ఒడ్డున పెట్టిన జలాంతర్గామి. సోమవారం వెళ్లాం, సెలవు. ముందే కనుక్కోవాల్సింది, తప్పు మాదే. మంగళవారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లాం. రష్యాలో కట్టింది, 1969లో నౌకాదళంలో చేరి, 71 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001లో రిటైరయింది. పొడవు 91 మీటర్లు. మెట్లు చూసి మేనల్లుడు "మావయ్యా, నువ్వు కింద కూర్చో, నేను వీడియో తీసుకొస్తా" అన్నాడు. ఎక్కాను. లోపల ఇరుకని కర్ర వాకిట్లో మనిషికి ఇచ్చాను.

లోపల ఒక గదికీ ఇంకో గదికీ మధ్య తలుపులుండవు, ఇనప గోడలో గుండ్రటి కంతలుంటాయి. తల వంచాలి, నడుం వంచాలి, ఒక కాలెత్తి అవతల పెట్టి, రెండోది లాక్కోవాలి. రెండు కాళ్లూ బాగున్నవాళ్లంతా దాని ముందు నిలబడి ఏ కాలు ముందు పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. నాకు ఆ ఆలోచన ఎప్పుడూ ఉండేదే కాబట్టి నేను ఆలోచించలేదు. పైన ఇనప కడ్డీ ఉంది. రెండు చేతులతో పట్టుకుని, ఊగి, రెండు కాళ్లూ ఒకేసారి అవతల వేశాను. యాభై ఏళ్లుగా మోకాలిని మోసిన చేతులివి. వెనక మేనల్లుడి నుదురు ఠప్పున తగిలింది. అతని వెనక ఒక పెద్దమనిషిది కూడా.

డెబ్బై మందికి పైగా నెలల తరబడి ఇందులో బతికారట. ఈ 91 మీటర్లలో అందరూ కుంటివాళ్లే. దాదాపు నా సైజుకి కట్టిన చోటు జీవితంలో ఇదొక్కటే దొరికింది.

చివర్లో ఆ పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని "మీరు గ్రేట్ సార్, మాకు ఇన్‌స్పిరేషన్" అన్నాడు.

"నుదుటి మీద బొప్పి కట్టింది, ముందు ఐసు పెట్టించుకోండి," అన్నాను.

బయటికొచ్చాక తెలిసింది, దారి ఆ చివర్న దింపుతుందని. నా కర్ర ఈ చివర్న ఉంది. మేనల్లుడు నుదురు రుద్దుకుంటూ పరిగెత్తాడు.

ఊరికి బయల్దేరే రోజు జగదాంబ సెంటరులో బూట్లు కొన్నాను. పెళ్లికి ముందే కొనాల్సింది, కుదర్లేదు. 5లో ఒక జత, 8లో ఒక జత, గోధుమరంగు, ఒక్కోటి పధ్నాలుగు వందలు. సేల్సు కుర్రాడు "మీకూ బాబుకా సార్?" అన్నాడు. "కాదు, నాకూ నాకే" అన్నాను. రెండు జతలకి పైసా తగ్గించలేదు.

తిరుగు బండిలో కూర్చుని మిగిలిన రెంటినీ ఒళ్లో పెట్టుకుని చూశాను. 5లో కుడిది, 8లో ఎడమది. బండి తునిలో ఆగి కదిలింది. అన్నవరం కొండ కనపడుతుండగా ఎడమ బూటుకి ఫోటో తీశాను. పంపాలా వద్దా అని సామర్లకోట దాకా తర్జనభర్జన పడ్డాను. మళ్లీ అదే తప్పు చేస్తున్నానేమో. చివరికి, "అమ్మాయీ, ఎడమది, 8 నంబరు, కొత్తది. ఇది జోకు కాదు" అని రాసి పంపేశాను.

గోదావరి మీద ఉండగా జవాబు వచ్చింది.

"ఆయనది 9 అండి బాబాయిగారూ. దిండు తీసేశాం."