సిరల్లోకి పాకిన గుండె కండ

మెడికల్ కాలేజీ డిసెక్షన్ హాల్లో గుండె చేతికివ్వగానే పిల్లలందరూ ముందు ఎడమ జఠరికనే చూస్తారు. దాని గోడ అంత మందం మరి. నేను మాత్రం గుండెని వెనక్కి తిప్పి, ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చి ఎడమ కర్ణికలో కలిసే పుపుస సిరలు చూపిస్తాను. అనాటమీలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే. కర్ణిక కండ సిర మొదట్లో ఆగిపోదు. చొక్కా చెయ్యిలా సిర గోడ చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్లు పాకుతుంది. పై పొర ఓపిగ్గా ఒలిస్తే పోగులు కనిపిస్తాయి: కొన్ని చుట్టూ, కొన్ని నిలువుగా, కొన్ని ఏటవాలుగా. పోగులు దిక్కు మారే చోట, గుండెని కొట్టించే విద్యుత్ తరంగం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి వెనక్కి తిరిగి అదే కండని మళ్లీ రేపుతుంది.

1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ హైసగేర్ బృందం 45 మంది రోగుల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు లయ తప్పి అదిరే జబ్బు) ఎక్కడ మొదలవుతోందో వెతికింది. దొరికిన 69 చోట్లలో 65 ఈ సిరల్లోనే! అందులో 31 ఎడమ పై సిరలోవే. ఇవాళ క్యాథ్ ల్యాబ్‌లో ఈ జబ్బుకి అబ్లేషన్ అనే చికిత్స చేసేటప్పుడు సిరల మొదళ్ల చుట్టూ కండని మాడ్చి, అక్కడి తరంగాలు కర్ణికకి చేరకుండా చేస్తున్నది అందుకే. ఇంత ముఖ్యమైన సంగతిని పాఠంలో ఒక్క వాక్యంతో దాటేయడం నాకు అస్సలు నచ్చదు.

"ఈ కండ అందరికీ ఉంటుందిగా మేడమ్, మరి జబ్బు కొందరికే ఎందుకు?" అని అడుగుతారు. వయసు, బీపీ, రుమాటిక్ జ్వరంతో ఇరుకైన మైట్రల్ కవాటం (ఎడమ కర్ణికకీ జఠరికకీ మధ్య తలుపు), ఇవి కర్ణికని సాగదీసి, కండ మధ్య మచ్చలు పెంచుతాయి. తరంగం దారి తప్పడం అప్పుడు తేలికవుతుంది.