ఎండుటాకుల వేట: మా కంపోస్ట్ బకెట్ల ఎనిమిది నెలల లెక్క

మేముండేది హైదరాబాద్‌లో సైనిక్‌పురి దగ్గర. గాలి ఇటు తిరిగిందంటే జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ వాసన బాల్కనీలోకి వచ్చేస్తుంది, వాన పడ్డ మర్నాడైతే ఇంక చెప్పక్కర్లేదు. అందరం ముక్కు మూసుకుని తిట్టుకునేవాళ్ళమే గానీ ఆ వాసనలో మా ఇంటి బీరకాయ తొక్కు వాటా కూడా ఉందని నాకెప్పుడూ తట్టలేదు. జూన్‌లో కాలనీ పార్కులో ఆదివారం పొద్దున గంటసేపు, వంటింటి చెత్తని ఎరువు చేసే కంపోస్ట్ క్లాస్ అని వాట్సాప్‌లో వచ్చింది, ఫ్రీ కదా, ఎలాగూ వాకింగ్‌కి పోతాం కదా అని వెళ్ళా, అలా మొదలైంది.

చెప్పినావిడ రిటైర్డ్ టీచర్, అందరం మేడం అనే అంటాం. ఆవిడ చెప్పింది సింపుల్: ఒక డబ్బా తడి చెత్తకి అదే డబ్బాతో రెండు డబ్బాలు నలిపిన ఎండుటాకులు. తూకం కాదు, డబ్బా కొలత. కూరగాయ తొక్కుల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ, రెండూ కలిసి కార్బన్ 30కి నత్రజని 1 దగ్గరికొస్తే కుళ్ళకుండా మాగుతుందట. నోట్స్ రాసుకున్నా, ఇంతేనా అనుకున్నా. అసలు కష్టం తడి చెత్త దగ్గర కాదు, ఎండుటాకుల దగ్గర ఉంటుందని ఆ రోజు నాకు తెలీదు, ఆవిడ చెప్పే ఉంటారు, నేనే విని ఉండను.

సెటప్: 20 లీటర్ల పాత పెయింట్ బకెట్లు రెండు, పక్క వీధిలో పెయింటర్ దగ్గర ఒక్కోటి 50 రూపాయలు. డ్రిల్ లేదు కాబట్టి ఇనుప చువ్వ కాల్చి అడుగున ఎనిమిది బెజ్జాలు, పక్కన చుట్టూ రెండు వరసలు పెట్టా (బయట చేయండి, ఆ ప్లాస్టిక్ పొగ ఇల్లంతా పట్టేసి అత్తయ్య దగ్గుతూ కూర్చున్నారు పాపం). అడుగున కొబ్బరిపీచు, దాని మీద మేడం ఇచ్చిన పాత కంపోస్ట్ రెండు గుప్పిళ్ళు, కాస్త పుల్లమజ్జిగ. మా ఇంట్లో రోజుకి అరకిలో తడి చెత్త, అంటే సుమారు లీటర్ డబ్బా. వండిన కూరలు, నూనె, ఎముకలు వెయ్యట్లేదు.

జూలై మొత్తం ఫెయిల్. పార్కులో ఏరుకొచ్చిన రెండు కవర్ల ఆకులు పది రోజుల్లో అయిపోయాయి, తర్వాత వానలు, ఎక్కడ చూసినా తడిసి రోడ్డుకి అంటుకుపోయిన ఆకులే, సర్లే నాలుగు రోజులు ఆకుల్లేకుండా వేద్దాం అని వేశా. నాలుగో రోజుకి మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన, ఆరో రోజుకి తెల్లగా లావుగా పురుగులు. అత్తయ్య చూసి "ఇంట్లో పురుగులు పెంచుతున్నావా అమ్మాయ్" అన్నారు, మా ఆయన ఏమీ అనలేదు గానీ ఆ రోజు నుంచి బాల్కనీలో కాఫీ తాగడం మానేశాడు.

తర్వాతి ఆదివారం ఫోటో తీసుకెళ్ళి చూపిస్తే మేడం నవ్వేసి, అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు, ఏం చెయ్యవు, చెత్త మనకంటే ఫాస్ట్‌గా తింటాయి, కానీ నీ బకెట్ మరీ తడిగా ఉందని అర్థం అన్నారు. పరీక్ష చాలా ఈజీ: గుప్పెడు తీసుకుని గట్టిగా పిండాలి, ముద్ద కట్టాలి గానీ నీళ్ళు కారకూడదు. నాది ఇడ్లీ పిండిలా కారింది. చీమలు పడితే మాత్రం రివర్స్, ఎండిపోయిందని, కాసిని నీళ్ళు చల్లాలి. అప్పటికి ఐదు కిలోల కొబ్బరిపొట్టు ఇటుక కొని గట్టెక్కా, కానీ చెత్తకి డబ్బులు పెట్టడం ఏంటో మనసొప్పలేదు.

ఆగస్టులో దారి దొరికింది. మా వీధి ఊడ్చే అమ్మ పొద్దున్నే ఆకులన్నీ ఓ మూలకి కుప్ప పోసి అంటించేస్తుంది. రోడ్డు మీద చెత్త కాల్చకూడదని 2016 నుంచే రూల్ ఉంది, కానీ ఆమెకి ఆ కుప్ప ఎత్తే బండి రాదు, ఏం చేస్తుంది. గోనెసంచి పట్టుకుని వెళ్ళి అడిగా. "ఏం జేస్తవమ్మా గీ ఆకులు?" అంది. ఎరువు చేస్తా అన్నా. "మా ఊర్ల పెంటకుప్పల ఏస్తం, గంతే గదా, దానికి క్లాసులకి పోవుడెందుకు?" అంది. నిజమే, నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి వాన లేని రోజుల్లో నా కోసం ఒక సంచి పక్కన పెడుతోంది, నేను వెళ్ళేటప్పుడు ఫ్లాస్క్‌లో టీ పట్టుకెళ్తా.

వినాయక చవితికి హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వాళ్ళు పంచే మట్టి గణపతినే తెచ్చాం, నీళ్ళ బకెట్‌లోనే నిమజ్జనం. పత్రి మొత్తం ముక్కలు చేసి కంపోస్ట్‌లోకి, చక్కగా మాగింది. మట్టి మాత్రం యథాతథంగా కుండీలో పోశా, వారానికి ఇటుకలా బిగుసుకుపోయింది, నీళ్ళు పైనే నిలబడిపోయాయి. అది బంకమట్టి కదా, పావు వంతుకి మించి కలపొద్దు. దసరా బంతి దండలు కూడా వెయ్యొచ్చు, దారం తీసేసి, నేను తియ్యలేదు, కలిపే కర్రకి చుట్టుకుపోయి నరకం చూశా.

మొదటి బకెట్ అక్టోబర్‌లో జల్లించా. సుమారు 8 కిలోల తడి చెత్త వేస్తే, ఇసుక జల్లెడ పట్టాక వచ్చింది రెండు కిలోల పైచిలుకు. వాన పడ్డ మట్టి వాసన, అత్తయ్య కూడా చేతిలోకి తీసుకుని చూశారు. ఇంకో లెక్క తేలింది, బకెట్ నిండడానికి 15 రోజులు, మాగడానికి రెండు నెలలు, అంటే రెండు బకెట్లు చాలవు, కనీసం ఐదు కావాలి. ఎర్రమట్టి రెండు వంతులు, కంపోస్ట్ రెండు వంతులు, కొబ్బరిపొట్టు ఒక వంతు, గుప్పెడు వేపపిండి కలిపి టెర్రస్ మీద తోటకూర, బచ్చలి, రెండు వంగ మొక్కలు. వంగకి పిండినల్లి పట్టింది, లీటర్ నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు, సాయంత్రం పూట కొడుతున్నా, సగమే పోయింది.

నవంబర్ క్లాస్ బయోఎంజైమ్, అంటే పండ్ల తొక్కలు పులియబెట్టి చేసే క్లీనింగ్ నీళ్ళు. బత్తాయి, నిమ్మ తొక్కలు 300 గ్రాములు, బెల్లం 100, నీళ్ళు లీటర్, ప్లాస్టిక్ సీసాలో 90 రోజులు, మొదటి నెల రోజూ మూత తిప్పి గ్యాస్ వదలాలి. పెళ్ళికి ఊరెళ్ళి నాలుగు రోజులు వదల్లేదు. సీసా పగిలి బెల్లం నీళ్ళు కిచెన్ సీలింగ్‌కి. రెండోసారి సగం సీసానే నింపా, ఈ నెలాఖరుకి తెరవాలి.

సంక్రాంతి తర్వాత క్లాస్ వాళ్ళం ఆరుగురం జహీరాబాద్ వైపు డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) వాళ్ళ పాత పంటల జాతరకి వెళ్ళొచ్చాం. ఎడ్లబండ్ల మీద బుట్టల్లో జొన్నలు, కొర్రలు, అనుములు, ఎన్ని రకాలో లెక్కపెట్టలేకపోయా. విత్తనం పురుగు పట్టకుండా బూడిద, ఎండు వేపాకు కలిపి దాస్తామని చెప్పారు. అక్కడా నా చూపు ఎండుటాకుల మీదకే పోయింది, మావాళ్ళు నవ్వారు.

ఇప్పుడు ఫిబ్రవరి, ఆకు రాలే కాలం, అసలు పని ఇప్పుడే. రోజుకి రెండు లీటర్ల నలిపిన ఆకులు, 25 కిలోల బియ్యం సంచిలో తొక్కి నింపితే సుమారు 50 లీటర్లు, అంటే సంచి 25 రోజులు వస్తుంది. జూన్ నుంచి జనవరి దాకా గడవాలంటే పది సంచులు. ఏ ఆకైనా ఒకటే కాదు: నిద్రగన్నేరు చిన్నాకు కాబట్టి నలపక్కర్లేదు, కానుగ బాగుంటుంది, బాదం, మామిడి మందంగా ఉండి నెలలు పడుతుంది, నీలగిరి నేను ముట్టుకోను.

ఏడు సంచులు అయ్యాయి. మెట్ల కింద పెడితే అసోసియేషన్ వాళ్ళు నిప్పు భయం అని తీయించేశారు, వాళ్ళన్నదీ కరెక్టే. టెర్రస్ మీద ట్యాంక్ నీడలో ఇటుకల మీద పేర్చి టార్పాలిన్ కప్పా. ఇంకో మూడు కావాలి. నిన్న ఊడ్చే అమ్మ కనిపించి, వెనక వీధిలో పెద్ద నిద్రగన్నేరు రేపో ఎల్లుండో దులుపుకుంటుంది, పొద్దున ఆరింటికల్లా వచ్చెయ్ అంది. సంచులు తలుపు దగ్గరే పెట్టుకున్నా.