బీఫార్మసీ తర్వాత ఏ బ్రాంచి? ఫార్ములేషన్ ల్యాబ్ దాకా నా అనుభవం

మా అవ్వకు షుగరుకని చాలా ఏళ్లు మూడు పూటలా మెట్‌ఫార్మిన్ బిళ్ల ఉండేది. తర్వాత డాక్టరు గారు ఎస్ఆర్ (సస్టెయిన్డ్ రిలీజ్) అని రాసి ఉన్న బిళ్ల ఒక్కటే రాత్రి భోజనంతో వేసుకోమన్నారు. మందు అదే. మరి ఒక్క బిళ్ల రోజంతా ఎలా పనిచేస్తుందని మెడికల్ షాపులో అడిగితే "నెమ్మదిగా కరుగుతుందమ్మా" అన్నారు. అదెలాగో తెలుసుకోవాలన్న పట్టుదలతోనే బైపీసీ అయ్యాక ఫార్మసీ వైపు వచ్చాను.

చిన్నాయన ఫార్మ్‌డీలో చేరమన్నారు. ఆరేళ్ల కోర్సు, చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, పేరు ముందు డాక్టర్ అని వస్తుందని ఆయన ఆశ. అది మంచి చదువే. ఏ మందుకు ఏ మందు పడదో చూడాలన్నా, క్లినికల్ ట్రయల్స్‌లోకో మందుల దుష్ప్రభావాల మీద నిఘా పెట్టే ఫార్మకోవిజిలెన్స్‌లోకో వెళ్లాలన్నా చక్కగా పనికొస్తుంది. కానీ మందు మనిషి దాకా చేరకముందు జరిగే పని మీదే నా మనసంతా. అందుకని నాలుగేళ్ల బీఫార్మసీ తీసుకున్నాను.

మా కాలేజీలో సగం పరికరాలు అలంకారానికే ఉండేవి. అసలు చదువు ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లో మొదలైంది. బిళ్ల ఎంత వేగంగా కరుగుతుందో చూసే డిజల్యూషన్ యంత్రంలో వరసగా గాజు పాత్రలు, ఒక్కోదాంట్లో 900 మిల్లీలీటర్ల ద్రావణం, 37 డిగ్రీల వేడి, మధ్యలో తిరిగే తెడ్డు. మామూలు బిళ్ల వేస్తే కాసేపటికే పొడిపొడిగా విడిపోయింది. ఎస్ఆర్ బిళ్ల మాత్రం నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉబ్బి, చుట్టూ జిగురు పొర కట్టుకుని అలాగే ఉండిపోయింది. హెచ్‌పీఎంసీ అనే పాలిమర్ నీళ్లు పీల్చి కట్టిన పొర అది. మందు దాంట్లోంచి కొద్దికొద్దిగా బయటికి రావాలి. గంట గంటకూ శాంపిల్ తీస్తుంటే అవ్వ బిళ్ల సంగతి అప్పుడర్థమైంది.

అయినా పీజీ బ్రాంచి దగ్గర మళ్లీ టెన్షన్. మెడిసినల్ కెమిస్ట్రీకి పేరెక్కువ, కొత్త అణువులు కనిపెట్టేది వాళ్లేనని. నైపర్ (జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ)లో చదివిన సీనియర్ అక్క నన్ను మూడే ప్రశ్నలు అడిగింది: "రియాక్షన్ పెట్టి అర్ధరాత్రి దాకా దాని దగ్గర కూర్చోగలవా? ఎలుకల మీద ప్రయోగాలు చేయగలవా? బిళ్ల పైపొర ఊడిపోతే ఎందుకు ఊడిందో తేలేదాకా నిద్రపట్టదా?" మూడో దానికి వెంటనే అవునన్నాను. అంటే మందును బిళ్లగానో ఇంకో రూపంలోనో తయారుచేసే బ్రాంచి, ఫార్మాస్యూటిక్స్. రియాక్షన్లంటే ఇష్టమున్న నా స్నేహితురాలు బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి బల్క్ డ్రగ్ (బిళ్లలోకి వెళ్లే అసలు మందు పదార్థం) పరిశోధనలో ఉంది. ఫార్మసీ ఒక్కటే దారి కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి మందుల పరిశోధనలోకి వెళ్లారు.

ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్‌కు గట్టిగా చదివాను. 125 ప్రశ్నలు, 500 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అర్హత వస్తే ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఎంఫార్మసీకి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. నైపర్‌లో ఎంఎస్ ఫార్మ్ కావాలంటే పైన ఇంకో పరీక్ష రాయాలి.

అదీ రాశాను. ఆ ర్యాంకుతో నైపర్ కౌన్సెలింగ్‌లో నాకు దొరికేవి రెండు: హైదరాబాద్‌లో రెగ్యులేటరీ అఫైర్స్, అహ్మదాబాద్‌లో ఫార్మాస్యూటిక్స్. హైదరాబాద్ నైపర్ ఉన్న బాలానగర్ అయితే మా నంద్యాల నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు, నాన్నకు అదే ఇష్టం. ఫైళ్లు, అనుమతుల పని కూడా మందుల తయారీలో కీలకమే, ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ ఊరు దగ్గరని బ్రాంచి మార్చుకుంటే బతుకంతా ఆ పనే చేయాలి కదా! రాత్రంతా మాట్లాడుకున్నాక నాన్నే "సరే, నీకు నచ్చిందే పెట్టు" అన్నారు. అహ్మదాబాద్ మొదట పెట్టాను.

ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఫార్ములేషన్ పరిశోధనలో ఉన్నాను, ఎక్కువగా జెనరిక్ మందులే. మా బిళ్ల రక్తంలోకి మందును వదిలే తీరు అసలు కంపెనీ బిళ్లతో సరిపోవాలి. మనుషుల రక్తంలో ఈ రెండింటినీ పోల్చే బయోఈక్వివలెన్స్ పరీక్షలో, మా బిళ్లకూ అసలు బిళ్లకూ ఉన్న నిష్పత్తి ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పే అంచనా (90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్) మొత్తం 80 నుంచి 125 శాతం మధ్యలో పడాలి. ల్యాబ్‌లో బాగా కరిగింది కూడా అక్కడ ఒక్కోసారి తప్పుతుంది. ఎందుకు తప్పిందో వెతకడమే నా పనిలో నాకు బాగా నచ్చే భాగం. దాన్ని ఇంకా లోతుగా చదవాలని పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను, ఈసారీ ఫార్మాస్యూటిక్స్‌లోనే.