ఇంచియాన్‌లో నల్ల నూడుల్స్, పుల్లతీపి పంది వేపుడు

సియోల్ నుంచి 1వ నంబరు మెట్రోలో ఇంచియాన్ స్టేషన్ దాకా, అంటే లైను చివరిదాకా వెళ్లాను. గంటకు పైనే పట్టింది. స్టేషన్ ఎదురుగానే చైనాటౌన్ ద్వారం. 1883లో ఈ రేవు తెరిచాక చైనాలోని షాన్‌డాంగ్ నుంచి వచ్చినవాళ్ల వంటే ఇక్కడ జాజాంగ్‌మ్యోన్, అంటే నల్ల సాస్ కలుపుకుని తినే నూడుల్స్ అయింది. పాత గోంగ్‌హ్వాచున్ హోటల్ భవనంలో 2012 నుంచి జాజాంగ్‌మ్యోన్ మ్యూజియం నడుస్తోంది.

మామూలు జాజాంగ్ కాకుండా గాన్‌జాజాంగ్ చెప్పాను. ఇందులో నీళ్లు, చిక్కబరిచే గంజిపిండి (స్టార్చ్) కలపరు. అప్పటికప్పుడు వేయించిన సాస్ వేరే గిన్నెలో ఇస్తారు. చున్‌జాంగ్ అనే నల్ల సోయా ముద్దను ముందు నూనెలో బాగా వేయించాలి, లేకపోతే చేదు, పులుపు మిగిలిపోతాయి. ఆ తర్వాతే పంది మాంసం, ఉల్లిపాయలు, క్యాబేజీ. గిన్నె రాగానే కలపాలి. రెండు నిమిషాలు ఆగితే నూడుల్స్ ముద్దకడతాయి. చెరో చేత్తో ఒక చాప్‌స్టిక్ పుల్ల పట్టుకుని అడుగు నుంచి పైకి ఎత్తుతూ, తెల్ల పోగు కనబడనంతవరకూ కలిపాను. మామూలు జాజాంగ్ సగం తినేసరికి అడుగున నీరు తేలితే వంటవాడి తప్పు కాదు. మన లాలాజలం సాస్‌లోని గంజిపిండిని విరిచేస్తుంది. కొరికిన నూడుల్స్ తిరిగి గిన్నెలో వదలకపోతే చాలు.

అసలు పనితనమంతా టాంగ్‌సుయుక్‌లో, అంటే పుల్లతీపి పంది వేపుడులో ఉంది. గంజిపిండిని నీళ్లలో నానబెట్టి, పైన తేరిన నీరు వంపేసి, అడుగున మిగిలిన గట్టి ముద్దను వేలెడు పంది ముక్కలకు పట్టిస్తారు. రెండుసార్లు వేయిస్తారు: మొదటిసారి మాంసం ఉడకడానికి, రెండోసారి లోపలి తేమ పోయి పైపొర కరకరలాడటానికి. వెనిగర్, చక్కెర సాస్ పైన పోస్తే ఆ కరకర కాసేపటికే మెత్తబడుతుంది. అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడే "సోసు తారో జుసెయో", అంటే సాస్ విడిగా ఇవ్వమని చెప్పాలి. ముంచుకుని తినడమే నాకు నచ్చింది. ఇద్దరికి చిన్న ప్లేటు, అంటే "సో", సరిపోతుంది.

జాంపోంగ్ అంటే కారం నూడుల్స్ పులుసు. దాని ఎర్రటి పులుసులో ఆల్చిప్పలు, స్క్విడ్ ఉంటాయి. కారప్పొడి నూనెలో మాడితే పులుసంతా చేదెక్కుతుంది; నాకు వచ్చినదానిలో పొగ వాసనే తప్ప చేదు లేదు. మధ్యమధ్య పసుపు ముల్లంగి ముక్క నములుతుంటే నూనె జిడ్డు తెలియదు.

ఒంటరిగా వెళ్లేవారు జాంజామ్యోన్ అడగండి. నడుమ అడ్డు ఉన్న గిన్నెలో ఒక పక్క జాజాంగ్, ఇంకో పక్క జాంపోంగ్ వస్తాయి.