కుడికాలితో లెఫ్ట్ బ్యాక్: నా అనుభవం

మా ఫుట్‌బాల్ జట్టులో ఎడమకాలి వాటం ఉన్నవాడు ఒక్కడే. సీజన్ మధ్యలో వాడికి మోకాలి లిగమెంట్ తెగింది, లెఫ్ట్ బ్యాక్ జాగా, అంటే వెనక వరసలో ఎడమ అంచు కాపు కాసేవాడి జాగా, ఖాళీ అయ్యింది. కోచ్ సార్ అందరి మొహాలూ చూసి నా దగ్గర ఆగారు. "రైట్ బ్యాక్‌కి ఇంకొకడున్నాడు, నువ్వు అటు వెళ్ళు" అన్నారు.

"సార్, నా ఎడమకాలు బస్సెక్కడానికి తప్ప దేనికీ పనికిరాదు."

"బంతి ఆపడం వచ్చు కదా, పో. మిగతాది తర్వాత చూద్దాం."

డిఫెన్స్ గురించే ఎక్కువ టెన్షన్ పడ్డాను కానీ అది తొందరగానే అలవాటైంది. ఎదుటి జట్టు వింగర్ (అంచు వెంట దాడి చేసేవాడు) ఎడమకాలి వాటం వాడై, తన కుడివైపు నుంచి లోపలికి కోసుకుని వస్తే, వాడొచ్చే దారిలోనే నా బలమైన కాలు ఉంటుంది. 2013-14 సీజన్‌లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీలో కోచ్ మౌరీన్యో ఇలాగే కుడికాలివాడైన అజ్పిలిక్వెటాను లెఫ్ట్ బ్యాక్‌గా ఆడించి, అసలు లెఫ్ట్ బ్యాక్ ఆష్లీ కోల్ అంతటివాణ్ని చాలా మ్యాచ్‌ల్లో బెంచీ మీద కూర్చోబెట్టాడు. మన లోకల్ మ్యాచ్‌ల్లో మాత్రం కుడివైపు ఆడే వింగర్లు ఎక్కువమంది కుడికాలివాళ్ళే. వాళ్ళు మైదానం అంచు లైన్ పట్టుకుని బయటికే పరిగెడతారు, అక్కడ క్రాస్‌ను (అంచు నుంచి గోల్ ముందుకు వేసే బంతిని) అడ్డుకోవాలంటే ఎడమకాలు చాచక తప్పదు. అది మాత్రం ఇప్పటికీ కొంచెం ఆలస్యంగానే చాస్తాను.

అసలు చిక్కు బంతి మన దగ్గరున్నప్పుడు వచ్చింది. సెంటర్ బ్యాక్ (వెనక వరసలో మధ్యలో ఆడేవాడు) నుంచి పాస్ వస్తుంది, నేను టచ్‌లైన్ (అంచు లైన్) దగ్గరుంటాను. అలవాటు కొద్దీ కుడికాలితో ఆపితే బంతి మైదానం లోపలివైపు ఉంటుంది, ఒళ్ళు కూడా అటే తిరుగుతుంది. వింగర్ పరిగెత్తుకొచ్చేదీ సరిగ్గా అటునుంచే. ముందుకు లైన్ వెంబడి పాస్ ఇవ్వాలంటే ఒకసారి బంతిని సర్దుకోవాలి, ఆ అర సెకనులో వాడు మీద పడిపోతాడు. ఇక మిగిలేది గోల్‌కీపర్‌కి వెనక్కి ఇవ్వడమే. మా కీపర్ "అన్నా, నన్నొదిలెయ్" అని దణ్ణం పెట్టే దాకా వచ్చింది.

ఎడమకాలు బాగుపడాలంటే షాట్లు కొట్టాలని అందరూ చెబుతారు. నాకు పనికొచ్చింది అది కాదు. పాస్ వస్తున్నప్పుడే నడుము మైదానం వైపు తిప్పి, బంతిని ఒంటి ముందునుంచి దాటనిచ్చి, ఎడమకాలి లోపలి వైపుతో ఆపడం. అంతే, ముందున్న లైన్ కనిపిస్తుంది, వింగర్‌కీ బంతికీ మధ్య మన ఒళ్ళు ఉంటుంది. ఈ ఒక్క టచ్ కోసం మా అపార్ట్‌మెంట్ సెల్లార్ గోడకు బంతి కొడుతూ చాలా సాయంత్రాలు గడిపాను. వాచ్‌మన్ అన్న మొదట్లో విసుక్కునేవాడు, తర్వాత బంతి కార్ల కిందికి పోతే ఆయనే తీసిచ్చేవాడు.

పాస్ దగ్గర ఇంకో సంగతి బయటపడింది. ఎడమకాలితో కొట్టిన ప్రతి బంతీ గాల్లోకి లేచేది. తమ్ముడితో ఫోన్‌లో వీడియో తీయించి నెమ్మదిగా ఆడించి చూశాను. ఎడమకాలు ఊగడం బాగానే ఉంది. కుదరనిది కుడికాలు! అది బంతికి జానెడు వెనక ఆనుతోంది, మోకాలు బిర్రుగా ఉంటోంది, దాంతో ఒళ్ళు వెనక్కి వాలిపోతోంది. ఇన్నేళ్ళూ తన్నడమే తప్ప, ఒంటి బరువు మోస్తూ నిలబడే పని దానికి ఎప్పుడు పడింది? అప్పటినుంచి బంతి సంగతి పక్కన పెట్టి, కుడికాలి మీద నిలబడటం మొదలుపెట్టాను. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద, మెట్ల మీద మోకాలు వంచుతూ. ఆనే పాదం బంతి పక్కనే ఉండాలి, వేళ్ళు పాస్ వెళ్ళాల్సిన వైపు చూడాలి, మోకాలు కాస్త వంగాలి. ఈ మూడూ కుదిరాక బంతి నేల మీద పాకడం మొదలైంది. మొదట్లో గజ్జల దగ్గర పట్టేసేది, అలాంటి రోజుల్లో మానేసి విశ్రాంతి తీసుకున్నాను.

టర్ఫ్ మీద ఫైవ్స్ (జట్టుకు అయిదుగురు ఆడే ఆట) ఆడేటప్పుడు ఎడమకాలు తప్ప వాడనని నాకు నేనే రూల్ పెట్టుకున్నాను. "డబ్బులు మేమూ కట్టాం, నీ ప్రయోగాలు మా మీదా?" అని తిట్లు పడ్డాయి. వాటం లేని కాలితో ఆడటం ఈ ఊళ్ళో కొత్తేమీ కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదీయే. ఆయన కుర్రాళ్ళను వాటం లేని కాలితో ఆడించేవారని ఇక్కడి పాత ఆటగాళ్ళు చెప్పుకుంటారు.

ఈ మాట ఎత్తితే ఎవరో ఒకరు కుడికాలితోనే లెఫ్ట్ బ్యాక్ ఆడిన జర్మనీ ఆటగాడు ఫిలిప్ లామ్ పేరు తెస్తారు. 2006 వరల్డ్ కప్ మొదటి మ్యాచ్‌లో, మ్యూనిక్‌లో కోస్టారికా మీద, ఎడమవైపు నుంచి లోపలికి వచ్చి కుడికాలితో గోల్ దూరపు మూలకు కొట్టాడు. అంత అందమైన గోల్ చూశాక ఎడమకాలితో పనేముంది అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. నేను ప్రతిసారీ లోపలికే వస్తానని తెలిస్తే వింగర్ అక్కడే కాపు కాస్తాడు. రెండు మూడుసార్లు లైన్ వెంబడి ఎడమకాలితో బంతి ముందుకు పంపాకే వాడికి అనుమానం పుట్టి, నాకు లోపలి దారి వదిలాడు.

ఎడమకాలి క్రాస్ మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోలేదు. గాల్లో వంపు తిప్పుతూ పంపడం నా వల్ల కాలేదు. దగ్గరి గోల్ పోస్టుకు నేల మీద గట్టిగా కొడతాను, లేదంటే ఆగి లోపలికి తిరిగి కుడికాలితో దూరపు పోస్టుకు వేస్తాను. మా స్ట్రైకర్‌కి ఆ రెండోదే ఇష్టం, తలకు బాగా అందుతుందట.

మోకాలు బాగై మావాడు తిరిగొచ్చాడు, నేను మళ్ళీ కుడివైపుకు వచ్చేశాను. ఇప్పుడు వింగర్ నన్ను లోపలికి నెడితే కంగారుగా లేదు, ఎడమకాలితో మిడ్‌ఫీల్డర్‌కి ఇచ్చేస్తున్నాను. కోచ్ సార్ అది చూసి ఏమీ అనలేదు. సెంటర్ బ్యాక్ సెలవు పెట్టిన రోజున మాత్రం నా వైపు అదోలా చూస్తున్నారు.