కర్పూరం ఎవరు తిన్నారు?

శుక్రవారం కదా అని సాయంత్రం దీపం పెట్టి, హారతికి కర్పూరం డబ్బా తీస్తే అడుగున మిరియాలు తప్ప ఏమీ లేవు. మొన్న పండక్కే కొత్త ప్యాకెట్ విప్పి పోశాను. మూత అగరొత్తుల కట్ట వెనకాల బోర్లా పడుంది. ఎవరు తీశారంటే ఒక్కరూ పలకరు. మా ఆయన "నేను దేవుడి గదిలోకొస్తేగా" అన్నారు. పెద్దాడు చెవుల్లోవి తీయనేలేదు. అత్తయ్య మాత్రం "మిరియాలు ఇంకో నాలుగు వెయ్యమన్నానా?" అని నా మీదకే నెట్టారు.

మిరియాలు మా అమ్మా వేస్తుంది, నేనూ వేస్తాను, వాదన ఎందుకని. కర్పూరాన్ని ఆపేది బిగుతు మూతే. అది కరిగి నీరు కాదు, గడ్డ గడ్డగానే గాల్లో కలిసిపోతుంది. కరగాలంటే 175 డిగ్రీల దాకా వేడెక్కాలిట, ఆవిరైపోవడానికి మాత్రం మామూలు గది వేడి చాలు. ఇదంతా మా ఆయన ఫోన్లో చదివి వినిపించారు. మూత ఊసు మాత్రం ఎత్తలేదు.

అసలు ఒళ్లు మండింది అందుకు కాదు. అత్తయ్య వెళ్తూ వెళ్తూ "మీ పెదతాత ఆస్తిలాగా హారతి కర్పూరం" అన్నారు. నవ్వుతూనే అన్నారనుకోండి. అందుకే ఇంత రాత్రి ఇది రాస్తూ కూర్చున్నా.

పెదతాతయ్యది తెనాలి పక్క పల్లె. మాగాణి చెక్కలు చెక్కలుగా అమ్మి నాటకాలు వేయించాడు. ఒక్కనాడూ వేషం కట్టలేదు. తెర పక్కన కండువా నోటికి అడ్డం పెట్టుకుని, కృష్ణుడితో పాటు పెదవులు కదుపుతూ నిలబడేవాడు. పద్యం చివర రాగం తీస్తుంటే హార్మోనియం ఆయన వెంటబడేది, జనం వన్స్ మోర్ అని అరిచేవారు, మళ్లీ అదే పద్యం. నిద్రకు తూలుతున్న నన్ను గిల్లి "ఇది విను, ఇది విను" అనేవాడు. ఊళ్లో పేకాటలో పొలాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఈయన పోగొట్టినదానికి ఊరంతా తెల్లారేదాకా కూర్చుని విన్నది. తగలేశాడని ఎవరన్నా నేను ఊరుకోను.

ఊరుకోను అని రాశాక పెద్ద నాయనమ్మ గుర్తొచ్చింది. ఆ బృందానికంతా అర్ధరాత్రి ఉప్మా చేసింది ఎవరు? గుంటూరులో తాకట్టు పెట్టిన వడ్డాణం ఎవరిది? ఇంటి వెనక పొయ్యి దగ్గరికి పద్యం వినిపించేది, మనిషి కనిపించేది కాదు. ఒక్క నాటకమూ ఆవిడ పూర్తిగా చూసినట్టు లేదు. మా ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడల్లా ఖర్చయింది తాతయ్య పొలమనే చెబుతాం, మెచ్చుకునేవాళ్లమూ, తిట్టేవాళ్లమూ. అత్తయ్య మీద కోపం కాస్త తగ్గింది. మొత్తం కాదు.

సినిమాలొచ్చి నాటకాల్ని మింగేశాయని పెదతాతయ్య ఏడుపు. పాతకాలపు సినిమా రీళ్లు సెల్యులాయిడ్ అనే ఒకరకం ప్లాస్టిక్‌వి, దాన్ని వంగేలా చేయడానికి కలిపేది కర్పూరమేనట! అంత గిరాకీ ఉండబట్టే జపాన్ 1899లో తైవాన్ కర్పూరం వ్యాపారాన్ని సర్కారు గుత్త చేసుకుంది. మా ఆయన పాఠంలో నాకు పనికొచ్చిన ముక్క ఇదొక్కటే.

చిన్నది ఇవాళ పట్టుకోకుండా సైకిల్ తొక్కింది. రాయడమే మర్చిపోయాను.

ఆ హార్మోనియం ఎవరింట్లో ఉందో పిన్నికి తెలుసు. ఫోన్ చేస్తే పొలం ఎంతకమ్మారో, ఎవరు కొన్నారో, ఇప్పుడు ఎకరం ధరెంతో చెప్పిగానీ వదలదు. వడ్డాణం సంగతి కూడా అడగాలి. ఆదివారం, వంట అయ్యాక చూస్తా.